తొమ్మిది మైళ్ళకే డబ్బిస్తామన్నారు

చలికాలంలో ఒకరోజు పొద్దున్నే నా బల్ల మీదికి ఒక డినైయల్, అంటే బిల్లుకు డబ్బివ్వమని ఇన్సూరెన్సు కంపెనీ చెప్పే కాగితం, వచ్చింది. అంబులెన్సు క్లెయిము. ఏ0425 అనే కోడు, దాని పక్కన 62. రోగిని ఎక్కించుకున్న చోటి నుంచి దింపిన చోటి దాకా బండి నడిచిన మైళ్ళ లెక్క అది. ఇన్సూరెన్సు కంపెనీ అందులో 9 మైళ్ళకు డబ్బిచ్చి, మిగిలిన 53 మైళ్ళకు ఇవ్వనంది. కారణం కింద 117 అని వేసింది. అవసరమైన వైద్యం చేయగల అతి దగ్గరి ఆసుపత్రి వరకే ప్రయాణం ఖర్చు ఇస్తాం అని ఆ నంబరుకు అర్థం.

వాళ్ళ మ్యాపులో ఆ అతి దగ్గరి ఆసుపత్రి మాది. నేను కూచునే కిటికీలోంచి దాని ఎమర్జెన్సీ తలుపు కనిపిస్తుంది. ఆ రాత్రి బండిలో ఉన్న మనిషికి నొప్పులు వస్తున్నాయి. అంతకు ముందు కాన్పు సిజేరియన్. మా దగ్గర ఎమర్జెన్సీ ఉంది, ఎక్స్‌రే ఉంది, ల్యాబు ఉంది. కాన్పులు మాత్రం లేవు. ఆ వార్డు మూడేళ్ళ కిందట మూసేశాం. "మూసేశారు" అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మూయడానికి కావలసిన లెక్కలు తీసి ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మాది పశ్చిమ కేన్సస్‌లో ఒక చిన్న కౌంటీ. గోధుమ, జొన్న, పశువుల ఫీడ్‌లాట్లు, ఊరికి పది మైళ్ళ ముందునుంచే కనిపించే, ధాన్యం నిలవ చేసే ఎలివేటరు. కేన్సస్‌లో 105 కౌంటీలున్నాయి. మా వైపు కౌంటీల్లో చాలావాటి జనాభా వందేళ్ళ కిందటికంటే ఇప్పుడు తక్కువ. మా ఆయన ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. మూడేళ్ళు చేసి వెళ్ళిపోదామని వచ్చాం, ఇది ఏడో ఏడు. నాకు హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద పనిచేసుకునే కార్డు వచ్చాక మెడికల్ కోడింగు పరీక్ష రాసి, అదే ఆసుపత్రి బిల్లింగు గదిలో చేరాను. ఇక్కడ చెప్పే మనుషుల్ని ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆ డినైయల్ సంగతి ఫోన్‌లో అమ్మకు చెబితే ఆవిడకు ముందు అర్థం కాలేదు. "అమెరికాలో పురుడు పోసేవాళ్ళు లేకపోవడమేంటే?" అంది. "డాక్టర్లు లేరా, డబ్బులు లేవా?" అని అడిగింది. సూటి ప్రశ్న. నేను సూటిగా జవాబు చెప్పలేక, తర్వాత చేస్తానని పెట్టేశాను. ఈ వ్యాసం ఒక రకంగా అమ్మకు జవాబు.

డాక్టర్లు తక్కువే, డబ్బూ తక్కువే. కానీ మా ఆసుపత్రి కాన్పులు మానేసింది ఆ రెండింటివల్ల కాదు. ఈ దేశంలో ఆసుపత్రికి డబ్బిచ్చే పద్ధతివల్ల. రోగి వచ్చి, ఏదో ఒకటి చేయించుకుని, దానికో కోడు పడి, ఆ కోడుకో బిల్లు వెళ్తేనే ఆసుపత్రికి పైసా వస్తుంది. రోగి రాని రాత్రి కూడా దీపం వెలగాలి, నర్సు మెలకువగా ఉండాలి, రక్తం ఫ్రిజ్‌లో ఉండాలి. దానికి కోడు లేదు. మా వంటి ఊళ్ళో ఆసుపత్రి చేసే పనిలో పెద్ద భాగం ఆ కోడు లేని పనే.

మా ఆసుపత్రిది క్రిటికల్ యాక్సెస్ అనే తరగతి. 1980ల నుంచి చిన్న ఊళ్ళ ఆసుపత్రులు వరసగా మూతపడుతుంటే 1997లో కాంగ్రెస్ ఈ తరగతిని పెట్టింది. మంచాలు 25కు మించకూడదు. మరో ఆసుపత్రికి 35 మైళ్ళ దూరం ఉండాలి, కొండదారులైతే 15 చాలు. మొదటి ఏళ్ళలో ఈ దూరం షరతును రాష్ట్రాలు సడలించే వీలుండేది, 2006తో ఆ వీలు పోయింది. రోగులు సగటున 96 గంటలకు మించి ఉండకూడదు. బదులుగా మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్సు తన రోగులకయిన ఖర్చులో 101 శాతం ఇస్తుంది. దేశంలో ఇలాంటివి 1,300కు పైగా ఉన్నాయి, కేన్సస్‌లోనే 80కి పైగా. ఈ ఏర్పాటు లేకపోతే మా ఎమర్జెన్సీ తలుపు ఎప్పుడో మూసుకునేది. 2013 నుంచి బడ్జెట్ కోతల కింద మెడికేర్ చెల్లింపుల్లో 2 శాతం కోస్తున్నారు కాబట్టి 101 అన్నది చేతికి వచ్చేసరికి 99 అవుతుంది. ఆ సంగతి అలా ఉంచుదాం.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 ఏళ్ళు దాటినవాళ్ళది. ఖర్చును బట్టి డబ్బు వచ్చేది మెడికేర్ రోగుల వాటాకే. కాన్పుల వార్డులో మెడికేర్ రోగులు ఎంతమంది ఉంటారు? దాదాపు ఎవరూ ఉండరు. చిన్న ఆసుపత్రిని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు పురిటి గదిని తాకనే తాకదు. ఆ గది పేదవాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్సు అయిన మెడికెయిడ్ ఇచ్చే రేటు మీద, ప్రైవేటు ఇన్సూరెన్సులు ఇచ్చేదాని మీద బతకాలి. ఈ దేశంలో పదిలో నాలుగు కాన్పుల ఖర్చు మెడికెయిడ్‌దే. ఆ రేటు ఖర్చుకు చాలదు.

లెక్క చెబుతాను, ఎందుకంటే ఆ లెక్క నేనే వేశాను. వారానికి 168 గంటలు. నర్సు వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేస్తుంది, అంటే 36 గంటలు. ఒక్క కుర్చీలో రాత్రీ పగలూ ఒక నర్సు ఉండాలంటే ఐదుగురు కావాలి. కాన్పు సమయంలో తల్లికొకరు, బిడ్డకొకరు ఉండాలి కాబట్టి రెండు కుర్చీలు. సెలవులూ జ్వరాలూ లెక్కలోకి తీసుకోకుండానే పదిమంది. వాళ్ళతోపాటు అరగంటలో వచ్చి సిజేరియన్ చేయగల డాక్టరు, మత్తు ఇచ్చే నర్సు ఎప్పుడూ ఫోను దగ్గర ఉండాలి. మాకు ఆఖరి ఏడాది వారానికి ఒక కాన్పు కూడా సరిగ్గా లేదు. వారానికి ఒక బిల్లు మీద పదిమంది నర్సుల జీతం నిలబెట్టమని అడిగే పద్ధతి ఇది. ఏ ఊరి ఆసుపత్రి నిలబెట్టగలదు?

బోర్డు సమావేశం రోజు నేను ఆ కాగితాలు ఫోల్డర్లలో పెట్టి అందరికీ పంచాను. అక్కడ కూచున్నవాళ్ళలో ముగ్గురు ఆ వార్డులోనే పుట్టినవాళ్ళు. ఒక పెద్దాయన, గోధుమ రైతు, కాగితం చాలాసేపు చూసి, "ఇందులో నష్టం అంకె ఉంది. మూసేస్తే జరిగే నష్టం ఏ పేజీలో ఉంది?" అని అడిగాడు. ఆ పేజీ లేదు. అలాంటి పేజీ తయారు చేయాలని నాకు తట్టలేదు, ఎవరూ అడగనూ లేదు. ఓటు వేశారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

మేం ఒంటరిగా ఏమీ లేం. 2022 నాటికే అమెరికా గ్రామీణ ఆసుపత్రుల్లో సగానికి పైగా కాన్పులు చేయడం లేదు. 2010 నుంచి వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు పూర్తిగానో, మంచాలు ఎత్తేసో మూతపడ్డాయి. మా రాష్ట్రంలోనే ఇండిపెండెన్స్ అనే ఊరి ఆసుపత్రి 2015లో పోయింది. 8,000 లోపు జనాభా ఉన్న ఫోర్ట్ స్కాట్ ఊళ్ళో వందేళ్ళకు పైబడిన మెర్సీ ఆసుపత్రి 2018 ఆఖరుతో మూసేశారు.

మా ఊళ్ళో ప్రతి నెలా ఒక మధ్యాహ్నం టోర్నడో సైరన్ మోగించి చూస్తారు. కొత్తల్లో నేను హడలిపోయేదాన్ని, ఇప్పుడు అలవాటైంది. ఆ సైరన్‌కు స్తంభం, కరెంటు, మరమ్మతు, అన్నీ కౌంటీ ఖర్చు. టోర్నడో రాని ఏడాది దాని డబ్బు ఆపేద్దామని ఎవరూ అనరు. వచ్చిన టోర్నడోల్ని లెక్కబెట్టి తలకింత అని సైరన్‌కు బిల్లు కట్టరు. అది ఉంది కాబట్టే మనం నిద్రపోతున్నామని అందరికీ తెలుసు. ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంతమంది మంచాన పడ్డారో చెప్పు, దాన్నిబట్టి ఇస్తాం అంటున్నాం. నేను వాదించేది ఈ ఒక్క విషయమే. మా వంటి కౌంటీల్లో ఆసుపత్రి తెరిచి ఉన్నందుకు డబ్బివ్వాలి. సిద్ధంగా ఉండటానికి ఒక మొత్తం, ముందుగా, ఏడాదికి సరిపడా. వచ్చిన రోగులకు చేసిన పనికి ఇచ్చేది దానిపైన.

ఆ డినైయల్ వెనక ఉన్న రాత్రి గురించి నేను తర్వాత అడిగి తెలుసుకున్నాను. అంబులెన్సు నడిపినాయన పగలు స్కూలు బస్సు నడుపుతాడు. వెనక తల్లి పక్కన కూచున్న ఈఎంటీ, అంటే అత్యవసర చికిత్స చేసే మనిషి, బ్యాంకులో పనిచేస్తుంది. ఇద్దరూ వాలంటీర్లే, పేజరు మోగితే మంచం దిగి వచ్చేవాళ్ళు. అంబులెన్సును తప్పనిసరి సేవగా చట్టంలో రాసుకోని రాష్ట్రాలు ఈ దేశంలో చాలా ఉన్నాయి. వాళ్ళు వెళ్ళేసరికి రోడ్డు మీద కంటికి ఆనని నల్లమంచు పట్టింది. అంబులెన్సును పంపే డిస్పాచర్ కౌంటీ రోడ్ల విభాగానికి ఫోన్ చేసి మంచు తోసే బండిని లేపింది. ఆ బండి ముందు నడుస్తూ ఉప్పు చల్లుతుంటే, దాని వెనకే ఇరవై అడుగుల దూరంలో అంబులెన్సు. కౌంటీ సరిహద్దు దగ్గర పక్క కౌంటీ బండి అందుకుంది. "వైపర్ల మీద ఉప్పు గట్టిపడి అద్దం తెల్లబడిపోతుంటే కిటికీ దించి, తల బయటపెట్టి నడిపాను" అన్నాడాయన. ఆ చేతులు చూపిస్తూ చెప్పాడు, చెబుతున్నప్పుడు కూడా వేళ్ళు స్టీరింగు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. 62 మైళ్ళకు రెండు గంటలు పట్టింది. వెళ్ళగానే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. చాలా రక్తం పోయింది. తల్లీ బిడ్డా దక్కారు.

ఆ రాత్రి మంచు తోసే బండి సిద్ధంగా ఉంది, మంచు పడినా పడకపోయినా కౌంటీ దానికి డబ్బు కడుతుంది కాబట్టి. పురిటి గది సిద్ధంగా లేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళలో మా బంధువులూ ఉన్నారు. డాలస్‌లో ఉండే మా ఆడపడుచు భర్త ఒకసారి భోజనాల దగ్గర, "అంత దూరాన ఉండమని ఎవరన్నారు వాళ్ళని? ఆసుపత్రి కావాలంటే ఊరికి దగ్గరికి రావాలి" అన్నాడు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఆ మాట చాలామంది అనుకునేదే. ఫీడ్‌లాట్లో పశువులకు మేత వేసే మనిషి ఆ పశువుల దగ్గరే ఉండాలి. గోధుమ కోతలకు కంబైను నడిపేవాడు పొలం దగ్గరే ఉండాలి. నగరాల్లో మనం తినే రొట్టె, మాంసం అక్కడినుంచే వస్తున్నాయి. ఆ పనికి మనుషులు కావాలి, వాళ్ళకు నొప్పులొస్తే మాత్రం అది వాళ్ళ ఎంపిక అనడం నాకు న్యాయంగా తోచదు.

రెండో అభ్యంతరం దానికంటే గట్టిది, దాన్ని నేను తీసిపారెయ్యను. అరుదుగా చేసే పనిలో చెయ్యి తిరగదు. ఏడాదికి నలభై కాన్పులు చేసేచోట అనుకోని రక్తస్రావం వస్తే, రోజుకు పది చేసేచోట ఉన్నంత నేర్పు ఉండదు. ఇది నిజం. మా ఆయన కూడా ఇదే అంటారు, ఈ విషయంలో మేమిద్దరం చాలా రాత్రులు వాదించుకున్నాం. బీపీ ఉన్నవాళ్ళు, కవలలు, ముందు సిజేరియన్ అయినవాళ్ళు పెద్ద ఆసుపత్రికి ముందుగానే వెళ్ళాలి, ఆ ఏర్పాటు చేయాలి. కానీ వార్డు మూసేస్తే కాన్పులు ఆగవు. నెలలు నిండకుండా ఉమ్మనీరు పోయిన మనిషి మా ఎమర్జెన్సీకే వస్తుంది. 1986 నాటి చట్టం ప్రకారం ఆమెను మేం చూసి తీరాలి, చూడటం మా ధర్మం కూడా. అప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళేది కాన్పుల నర్సు కాదు, మూడేళ్ళుగా కాన్పు చూడని నర్సు. చెయ్యి తిరగదని వార్డు మూశాం, మూసినందువల్ల ఉన్న చెయ్యి కూడా పోయింది. మా నర్సుల్ని ఏడాదికి కొన్ని వారాలు పెద్ద ఆసుపత్రి వార్డులో పనిచేయించి తిరిగి పంపే పద్ధతి పెట్టొచ్చు. దానికీ డబ్బు కావాలి, దానికీ కోడు లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇన్సూరెన్సు సంగతి కొంచెం చెప్పాలి. తక్కువ ఆదాయం ఉన్న పెద్దలందరికీ మెడికెయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది 2012 సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాల ఇష్టానికి వచ్చింది. ఇచ్చిన రాష్ట్రాలకు ఆ ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది. ఇప్పటికీ ఇవ్వని పది రాష్ట్రాల్లో మాదొకటి. 2017లో రాష్ట్ర చట్టసభలు రెండూ ఒప్పుకున్నాయి, గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ వీటో చేశారు. ఇక్కడ 65 ఏళ్ళ లోపు, పిల్లలు లేని మనిషి ఎంత పేద అయినా, వైకల్యమో గర్భమో ఉంటే తప్ప మెడికెయిడ్ రాదు. పిల్లలుంటే పేదరికపు గీతలో 38 శాతం లోపు ఆదాయం ఉండాలి. ముగ్గురున్న ఇంట్లో ఏడాదికి సుమారు 10,000 డాలర్లు దాటితే తల్లిదండ్రులకు ఏమీ లేదు. పేదరికపు గీతకు కిందున్నవాళ్ళకు మార్కెట్లో ఇన్సూరెన్సు కొనుక్కోవడానికి సబ్సిడీ కూడా రాదు. ఆ సందులో పడ్డవాళ్ళు మా కౌంటర్ దగ్గరికి వస్తారు.

ఒకాయన గుర్తొస్తున్నాడు. యాభై దాటినవాడు, పొలాల్లో పనిచేస్తాడు, షుగరు. బూటు విప్పకుండా కౌంటర్ దగ్గర నిలబడి, "డాక్టర్ చూస్తే ఎంతవుతుందో ముందు చెప్పండి" అన్నాడు. నేను చెప్పే స్థితిలో లేను, ఎందుకంటే డాక్టరు చూసేదాకా ఏ కోడు పడుతుందో నాకు తెలియదు. ఆయన తల ఊపి వెళ్ళిపోబోయాడు. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ బయటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండు కాలివేళ్ళు తీయాల్సి వచ్చింది. ఒక నెల ముందు వచ్చి ఉంటే మందులతో పోయేదని మా ఆయన అన్నారు. ఆ బిల్లు ఎప్పటికీ వసూలు కాదు. అది మా పుస్తకాల్లో రాని బాకీల కింద ఉంది. రాష్ట్రం ఆదా చేశాననుకున్న డబ్బు మా ఆసుపత్రి నష్టంగా అక్కడ కూచుంది, ఆయన రెండు వేళ్ళతో సహా.

మెడికేర్ రోగుల్లో కూడా దేశంలో సగానికి పైగా ఇప్పుడు మెడికేర్ అడ్వాంటేజ్ పేరుతో ప్రైవేటు కంపెనీలు నడిపే ప్లాన్లలో ఉన్నారు. ఆ కంపెనీలకు 101 శాతం షరతు వర్తించదు. డబ్బివ్వనప్పుడు వాళ్ళు వేసే కారణం నంబర్లు: ముందస్తు అనుమతి లేదని 197, వైద్యం అవసరమే కాదని 50. రోజులో నాలుగు గంటలు నేను ఈ రెండు అంకెలతోనే గడుపుతాను.

ఇంతవరకూ ఆసుపత్రి గురించే మాట్లాడాను. దాని ఎదురుగా రోడ్డుకు అవతల ఒక చిన్న ఇటుక భవనంలో కౌంటీ ఆరోగ్య శాఖ ఉంది. మన పీహెచ్‌సీలో ఏఎన్ఎమ్ చేసే పనులు చాలావరకు అక్కడి నర్సులు చేస్తారు. టీకాలు, క్షయ రోగుల చేత మందులు దగ్గరుండి మింగించడం, హోటళ్ళలో తిని వాంతులైతే ఎక్కడ తిన్నారో ఆరా తీయడం. కరోనా రోజుల్లో ఆ నర్సులను ఊళ్ళోవాళ్ళే తిట్టారు. అప్పటి పెద్ద నర్సు ఉద్యోగం వదిలేసింది. ఆవిడ కిరాణా కొట్టుకు వెళ్ళడం కూడా మానుకున్న రోజులు నాకు తెలుసు.

ఆ భవనానికి డబ్బు తగ్గించేవాళ్ళు ఈ రాష్ట్రం చరిత్ర ఒక్కసారి చూడాలి. మా ప్రాంతంలోనే హాస్కెల్ అనే కౌంటీ ఉంది. 1918 మొదట్లో అక్కడి పల్లెటూరి డాక్టరు లోరింగ్ మైనర్, గట్టి వయసు మనుషులు ఫ్లూతో కూలిపోవడం చూసి, ఇది మామూలు ఫ్లూ కాదని కేంద్ర ఆరోగ్య శాఖకు కబురు పెట్టాడు. ఆ ఏప్రిల్‌లో ఆ శాఖ వారపత్రికలో ఒక చిన్న వార్త పడింది. 18 తీవ్రమైన కేసులు, 3 మరణాలు అని. అంతకు ముందే మార్చిలో, అదే రాష్ట్రంలోని క్యాంప్ ఫన్‌స్టన్ సైనిక శిబిరంలో వందల మంది మంచాన పడ్డారు. ఆ మహమ్మారి హాస్కెల్‌లోనే మొదలైందా అన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. కానీ దేశంలో అందరికంటే ముందు ఆ జబ్బు తీరు గమనించి చెప్పినవాళ్ళలో ఒకడు గుర్రపు బగ్గీలో ఇళ్ళకు తిరిగే పల్లె డాక్టరు. అంతకు కొన్నేళ్ళ ముందు, మా పక్కనున్న డాడ్జ్ సిటీ డాక్టరు శామ్యూల్ క్రంబైన్ రాష్ట్ర ఆరోగ్య బోర్డు కార్యదర్శిగా, రైళ్ళలో బళ్ళలో అందరూ ఒకే గ్లాసుతో నీళ్ళు తాగే అలవాటును 1909లో నిషేధింపజేశాడు. కాలిబాటల మీద ఉమ్మవద్దని ఇటుకల మీదే అచ్చు వేయించాడు. ఈ పాత ఇటుకలు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో కనిపిస్తాయి. వాటి మీద అడుగు వేసినప్పుడల్లా, ప్రజల ఆరోగ్యాన్ని ఊరి రోడ్డు మీద కూడా రాసుకున్న మనుషులు ఇక్కడే ఉండేవారని నాకు అనిపిస్తుంది.

2025లో తట్టు ఈ నైరుతి కౌంటీల్లోకి వచ్చింది, 80కి పైగా కేసులు. అప్పుడు ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి టీకా వేయించుకున్నారా, ఎవరిని కలిశారు అని అడిగింది ఇలాంటి చిన్న ఇటుక భవనాల్లోని నర్సులే. తట్టు రాని ఏడాది వాళ్ళు ఏం చేస్తున్నారని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడమే వాళ్ళ పనికి గుర్తు.

ఇక డాక్టర్లు. మా ఆయన వచ్చిన దారి కాన్రాడ్ 30. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన విదేశీ డాక్టరు చదువవగానే రెండేళ్ళు సొంత దేశానికి వెళ్ళిపోవాలి. డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే ఆ షరతు తీసేస్తారు. నార్త్ డకోటా సెనెటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో 1994లో మొదలైంది, ఇప్పుడు రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. ఈ దారిలో వచ్చిన తెలుగు డాక్టర్లు ఈ దేశం పల్లెల్లో ఎంతోమంది ఉన్నారు. చదువుతున్న మీలో కూడా ఉండి ఉంటారు. మూడేళ్ళు కాగానే చాలామంది వెళ్ళిపోతారు, వాళ్ళను నేను తప్పు పట్టను. పిల్లల చదువులు, గుడి, నలుగురు మనవాళ్ళు. ఉండాలనుకున్నవాళ్ళ సంగతి వేరు. ఒక దేశానికి 7 శాతం అనే పరిమితివల్ల మనవాళ్ళ గ్రీన్‌కార్డు వరస దశాబ్దాలు సాగుతుంది. మా ఆయనకు ఏమైనా అయితే నేనూ పిల్లలూ కొద్ది రోజుల్లో సర్దుకోవాలి. ఒక కౌంటీలో సగం మంది షుగరు రోగులను చూసే డాక్టరు ఇల్లు అంత పల్చటి కాగితం మీద నిలబడి ఉంది. ఎవరైనా ఉండాలనుకుంటే ఉండనివ్వండి అని మాత్రమే నేను అడుగుతున్నాను. పదేళ్ళు ఒక పల్లె కౌంటీలో చేసిన డాక్టరును ఆ వరసలోంచి బయటికి తీయడం కష్టమైన పని కాదు.

మరి నేను చెప్పిన తెరిచి ఉన్నందుకు డబ్బు ఎక్కడైనా ఉందా? కొంత ఉంది. 2023 నుంచి రూరల్ ఎమర్జెన్సీ హాస్పిటల్ అనే కొత్త తరగతి వచ్చింది. అందులో చేరితే నెలకు 2,70,000 డాలర్లకు పైగా స్థిరంగా వస్తాయి, రోగులు వచ్చినా రాకపోయినా. సిద్ధంగా ఉండటానికి డబ్బివ్వొచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. కానీ షరతు ఏమిటంటే, రోగిని చేర్చుకుని ఉంచుకునే ఇన్‌పేషెంట్ మంచాలు పూర్తిగా ఎత్తేయాలి. తలుపు తెరిచి ఉంచడానికి డబ్బిస్తాం, ముందు ఇల్లు ఖాళీ చెయ్యండి అన్నట్టుంది. ఆ డబ్బును మంచాలు ఉంచుకున్న ఆసుపత్రులకూ ఇవ్వాలి, పురిటి గది నడిపితే ఇంకొంత కలపాలి. పెన్సిల్వేనియాలో 2019 నుంచి కొన్ని పల్లె ఆసుపత్రులకు ఏడాది మొత్తానికి ముందే ఒక బడ్జెట్ నిర్ణయించి ఇచ్చి చూశారు. ఆ దారి ఇంకా నడవదగ్గదే. 2025 జూలైలో వచ్చిన చట్టం గ్రామీణ ఆరోగ్యానికి ఐదేళ్ళలో 5,000 కోట్ల డాలర్లు కేటాయించింది. అదే చట్టం మెడికెయిడ్‌లో పెట్టిన కోత దానికి ఎన్నో రెట్లు. ఐదేళ్ళ తర్వాత ఆ నిధి ఉండదు, కోత ఉంటుంది. ఆ డబ్బుతో కొత్త యంత్రాలూ యాప్‌లూ కొనకుండా నర్సుల జీతాలకు వాడమని మా రాష్ట్రం వాళ్ళకు ఉత్తరం రాశాను, ఇక్కడా రాస్తున్నాను.

ఈ దేశం ఇలాంటి పని ఒకసారి చేసింది. 1946 నాటి హిల్-బర్టన్ చట్టంతో, ఆసుపత్రి లేని ఊళ్ళకు కేంద్రం డబ్బిచ్చి కట్టించింది. అప్పుడు ఎవరూ ఏడాదికి ఎన్ని బిల్లులు వస్తాయని అడగలేదు, వెయ్యి మందికి ఎన్ని మంచాలు కావాలని లెక్క వేశారు.

మా కౌంటీ మాత్రం ఎవరికోసమూ ఎదురుచూడలేదు. పన్ను అనే మాట వింటేనే ముఖం తిప్పుకునే ఊరు ఇది. అలాంటి ఊళ్ళో ఆసుపత్రి కోసం అమ్మకం పన్ను పెంచాలా అని ఓటు పెడితే నెగ్గింది. వార్డు మూస్తే జరిగే నష్టం ఏ పేజీలో ఉందని అడిగిన రైతు ఆ పన్ను కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఆ డబ్బుతో ఎమర్జెన్సీ పైకప్పు కారడం ఆగింది, రెండో అంబులెన్సు వచ్చింది. పురిటి గదికి చాలలేదు.

ఆ 53 మైళ్ళ సంగతి. మొదటి అప్పీలు తిప్పికొట్టారు. రెండోసారి వార్డు మూసిన తేదీ, బోర్డు తీర్మానం నకలు, ఆ రాత్రి డిస్పాచ్ కాగితం జతచేసి, "మీరు చెబుతున్న అతి దగ్గరి ఆసుపత్రి మాదే. మా దగ్గర కాన్పులు జరగవు. ఆపరేషన్ చేయగలిగిన అతి దగ్గరి చోటు 62 మైళ్ళ దూరంలో ఉంది" అని రాశాను. అప్పటికి ఆ కుటుంబానికి మా దగ్గరినుంచి రెండు సార్లు బిల్లు వెళ్ళింది, కంప్యూటర్ దానంతటదే పంపేస్తుంది. తండ్రి వచ్చి నెలకు యాభై డాలర్లు కడతానని అడిగాడు. నేను ఆ ఖాతా మీద చెయ్యి పెట్టి ఆపించాను. ఏడు నెలలకు డబ్బు వచ్చింది. అప్పటికి పాప మా లాబీలో టేబులు పట్టుకుని నిలబడుతోంది.

ఈ సోమవారం ఇంకో 117 వచ్చింది. ఈసారి 58 మైళ్ళు. ఉత్తరం మళ్ళీ రాసి, వార్డు మూసిన రోజునుంచి ఇలాంటి బిల్లులన్నీ ఒక పేజీలో వరసగా పెట్టాను, తేదీ, మైళ్ళు, పట్టిన సమయం. ఒక నకలు రాష్ట్ర ఇన్సూరెన్సు శాఖకు పంపాను. ఒకటి వచ్చే నెల బోర్డు సమావేశానికి ఫోల్డర్లలో పెట్టడానికి ఉంచాను.